డాక్టరమ్మ హైబ్రిడ్ కారు

వనపర్తిలో మా దవాఖాన ముందుకు ఆ కారు మొదటిసారి వచ్చినప్పుడు నేను వార్డులో ఒక బాలింతకు బీపీ చూస్తున్నాను. బండి వచ్చిన చప్పుడు నాకు వినపడలేదు. కిటికీ పక్కన కూర్చున్న ఆమె అత్తగారు, "నర్సమ్మా, మీ డాక్టరమ్మ కొత్త బండిల దిగింది" అని చెబితే తొంగి చూశాను. వేపచెట్టు నీడలో బూడిదరంగు కారు ఒకటి నిలబడి ఉంది. దాని చుట్టూ కాంపౌండరు, ఆయాలు, ఇద్దరు ముగ్గురు రోగుల బంధువులు అప్పటికే చేరారు.

అది రెండువేల ఎనిమిది చివర, చలికాలం. డాక్టరమ్మకు అప్పుడు నలభై అయిదేళ్లుంటాయేమో. ఇరవై పడకల ప్రసూతి దవాఖాన నడిపేది. వనపర్తిలో పని చాలదన్నట్టు ప్రతి మంగళవారం గద్వాలలో, ప్రతి శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో అద్దెకు తీసుకున్న గదుల్లో గర్భిణులను చూసేది. నెలకొక శుక్రవారం నాగర్‌కర్నూల్ నుంచి అటే అమ్రాబాద్ దాకా వెళ్లేవాళ్లం. ఈ ప్రయాణాలన్నిటికీ ఆమె వెంట వెళ్లే నర్సును నేను. మాది గద్వాలే, మగ్గాల ఇల్లు. నర్సు చదువు పూర్తిచేసి వనపర్తిలో చేరి అప్పటికి నాలుగేళ్లయింది.

కారు నడిపేది చాచా. డాక్టరమ్మతో సహా ఆయనను అందరం అలాగే పిలిచేవాళ్లం. అరవైకి దగ్గరపడిన మనిషి. తెల్లని పొట్టి గడ్డం, మడత నలగని చొక్కా, భుజాన తువ్వాలు. కుర్రతనంలో లారీలు నడిపాడు, తర్వాత ఒక షావుకారు దగ్గర అంబాసిడర్, ఆ తర్వాత డాక్టరమ్మ డీజిల్ జీపు. ఎడమ మోకాలు అరిగిపోయింది. జీపులో క్లచ్చి తొక్కినప్పుడల్లా పళ్లు బిగబట్టడం వెనక సీట్లోంచి నాకు అద్దంలో కనిపించేది. అడిగితే మాత్రం ఏమీ లేదనేవాడు.

కొత్త కారును హైదరాబాద్ షోరూం మనిషి ఒకడు నడిపించుకొచ్చి, చాచాను పక్కన కూర్చోబెట్టుకుని కొత్తకోట రోడ్డు మీద గంటసేపు తిప్పి, తాళంచెవి చేతిలో పెట్టి బస్సెక్కి వెళ్లిపోయాడు. అది హైబ్రిడ్ కారని, పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడుస్తుందని డాక్టరమ్మ మాకు చెప్పింది. ఆ మాట అప్పటిదాకా మేమెవరమూ విననిది. మా కాంపౌండరు మరునాడే ఒక పొడుగాటి వైరు, ప్లగ్గు తెచ్చి వరండాలో పెట్టాడు, రాత్రుళ్లు ఛార్జింగ్ పెట్టాలి కదా అని. అవసరం లేదని డాక్టరమ్మ నవ్వింది. మరి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందంటే, బండి నడిచేటప్పుడు తనే తయారు చేసుకుంటుందని చెప్పింది. కాంపౌండరు నమ్మలేదు. ఆ వైరు చాలా రోజులు అక్కడే ఉండిపోయింది.

మొదటి శుక్రవారం నాగర్‌కర్నూల్ బయలుదేరాం. ముందు సీట్లో డాక్టరమ్మ, వెనక నేను, నా పక్కన మందుల డబ్బాలు. ఈ బండికి క్లచ్చి లేదు, చాచా ఎడమకాలికి పనిలేదు. కాలిని ఎక్కడ పెట్టాలో తెలియక మాటిమాటికీ ముందుకు చాపి, మళ్లీ వెనక్కి లాక్కుంటున్నాడు. బిజినేపల్లి చౌరస్తా దాకా బాగానే వెళ్లాం. అక్కడ రెండు బస్సులు ఎదురెదురుగా వచ్చి రోడ్డు మూసుకుపోతే చాచా బ్రేకు వేశాడు. కారు ఆగింది, ఇంజనూ ఆగింది. డ్యాష్‌బోర్డు మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి కానీ చప్పుడు లేదు, కుదుపు లేదు.

చాచా వెంటనే తాళంచెవి తిప్పాడు. "చచ్చిపోయింది మేడం" అన్నాడు, గొంతు తగ్గించి.

"చావలేదు చాచా. చెవి వదిలిపెట్టు. బ్రేకు మీదికెళ్లి కాలు తియ్యి జర" అంది డాక్టరమ్మ.

కాలు తీశాడు. ఇంజను తనంతట తాను లేచింది. వెనకాల ఆటో హారన్ కొడుతున్నా చాచా ఒక క్షణం కదల్లేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఊరికే చూశాడు. తర్వాత నాగర్‌కర్నూల్ దాకా ఎదర రోడ్డునే చూస్తూ నడిపాడు. ఎక్కడ ఆగాల్సి వచ్చినా ఆగకుండా ఉండేందుకు చూశాడు. గొర్రెల మంద అడ్డమొస్తే దూరం నుంచే వేగం తగ్గించి, అవి దాటేదాకా బండిని పాకించాడు.

ఆ సాయంత్రం టీ తాగుతూ నాతో అన్నాడు. "నిలబడ్డ బండి ఇంజను బందయితే అది డ్రైవర్ తప్పు బేటీ. ముప్పై అయిదేండ్ల నుంచి నేను నేర్చుకున్నది గదే. ఇప్పుడు గీ బండి అదే తన పని అంటుంది. నేనెట్ల నమ్మాలె?"

ఆయనకు నమ్మకం కుదిరింది అమ్రాబాద్ వెళ్లిన రోజున. మన్ననూరు ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు స్పీడోమీటరు పక్కనున్న చిన్న గీతల వరుస ఒకవైపు నిండుతూ ఉండటం డాక్టరమ్మ చూపించింది. బ్యాటరీ ఇంజనుకు సాయం చేస్తోందని అర్థం. సాయంత్రం తిరిగి దిగేటప్పుడు ఆ గీతలు రెండోవైపు నిండాయి. చాచా బ్రేకు మీద కాలు ఆనించినప్పుడల్లా ఆకుపచ్చ గీతలు పెరుగుతున్నాయి. ఇదేమిటని అడిగాడు. డాక్టరమ్మ "నీ సైకిలుకు డైనమో ఉండేదా చాచా?" అని అడిగింది.

ఉండేదన్నాడు. వనపర్తి నుంచి పెబ్బేరు దాకా రాత్రిపూట సైకిలు మీద పోయినవాడు ఆయన.

"డైనమో చక్రానికి ఆనిస్తే ఏమయ్యేది?"

"దీపం వెలిగేది. సైకిలు బరువయ్యేది. తొక్కనీకె పానం పోయేది."

"ఇది కూడ గదే. దిగేటప్పుడు లోపల మోటారు డైనమో అయితది. బండిని ఆపుకుంట కరెంటు చేసి బ్యాటరీల నింపుకుంటది. ఎక్కేటప్పుడు ఆ కరెంటుతోనే మళ్ల తోస్తది. మామూలు బండి బ్రేకు తొక్కితే ఆ జోరంత వేడి అయి గాలిల కలుస్తది. ఇది దాన్ని దాచుకుంటది."

చాచా ఆ తర్వాతి వంపులో బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి గీతలు చూశాడు. ఇంకో వంపులో మళ్లీ ఆనించాడు. ఘాటు దిగిన తర్వాత డాక్టరమ్మ రోడ్డు పక్కన బండి ఆపమంటే ఆపాడు. ఇంజను ఆగిపోయింది. ఈసారి ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. చెట్ల మీద కోతులు కొమ్మ నుంచి కొమ్మకు దూకే చప్పుడు వినపడుతోంది. "సమజైంది మేడం" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఆ కారుకు వకీలు అయిపోయాడు. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర, గద్వాల కోట పక్క సందులో, తెలకపల్లి పోయే దారి పక్క హోటల్లో, ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు వచ్చి అడిగేవాళ్లు. పల్లెల్లో కరెంటు రోజుకు ఇన్నిసార్లు పోతుంటే దీనికి ఛార్జింగ్ ఎట్లా అని అందరి అనుమానం. చాచా సైకిలు డైనమో కథ చెప్పేవాడు. ఒకసారి ఒక రైతు అంతా విని, మరి పెట్రోలు పోయకుండా ఎంత దూరం పోతదని అడిగాడు. పెట్రోలు లేకుంటే ఇంటి గేటు కూడా దాటదని చాచా నిజమే చెప్పాడు. "మరైతె ఎందుకు గింత లొల్లి" అని ఆ రైతు నవ్వుకుంటూ పోయాడు. చాచాకు ఆ పూటంతా మనసు బాగాలేదు. పెట్రోలు తక్కువ తాగుతుంది కదా, రైలు గేట్ల దగ్గర, చౌరస్తాల దగ్గర ఊరికే కాలబెట్టదు కదా అని నాకు నచ్చజెప్పాడు, ఆ మాట అన్నది నేనే అన్నట్టు.

ఆ కారుతో ఇబ్బందులు లేకపోలేదు. పెద్ద బ్యాటరీ వెనక సీటు వెనకాల ఉండేది, దాంతో డిక్కీ సగమైపోయింది. మందుల డబ్బాలు, టీకాల పెట్టె, బరువు చూసే మిషను పట్టక నా పక్కనే ఎక్కేవి. కారు ఎత్తు తక్కువ. పల్లెల్లో ఎవరికి తోచినంత ఎత్తున వాళ్లు వేసుకున్న స్పీడ్‌బ్రేకర్ల మీద పొట్ట రాసుకునేది. చాచా బండిని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దించేవాడు. కోతల కాలంలో రైతులు రోడ్డు మీదే కంది కట్టెలు, జొన్న కంకులు పరిచేవాళ్లు, వచ్చేపోయే బండ్లు తొక్కి నూర్చుతాయని. జీపు ఉన్నప్పుడు వాటి మీది నుంచే పోయేవాళ్లం. ఈ కారు కింద కట్టెలు చుట్టుకుంటాయని చాచా రోడ్డు దిగి మట్టిలో పోయేవాడు. రైతులకు కోపం వచ్చేది. "మా కట్టెలు తొక్కితె మీ బండి కరాబయితదా" అని ఒకామె నిలదీసింది. ఆమెకూ చాచా ఓపికగా చెప్పాడు.

వనపర్తిలో మేస్త్రీలు ఆ కారు మీద చెయ్యి వేసేవాళ్లు కాదు. జీపును ఇరవైసార్లు విప్పి బిగించిన పెద్ద మేస్త్రీ బానెట్ ఎత్తి, లోపల నారింజరంగు వైర్లు చూసి మళ్లీ దించేశాడు. ఆ రంగు వైర్లు ముట్టుకుంటే మనిషి మిగలడని ఆయన ఎక్కడో విన్నాడు. ఆ భయం సగం నిజమే. అందుకని నూనె మార్చాలన్నా హైదరాబాద్ పోవాల్సిందే. అక్కకు ఆరోగ్యం బాగాలేక డాక్టరమ్మ మూడు వారాలు బెంగళూరులో ఉండిపోయినప్పుడు, బండిని ఊరికే నిలబెడితే బ్యాటరీ నీరసపడుతుందని ఫోనులో చాచాకు చెప్పింది. ఆ మూడు వారాలూ ఆయన సెలవు తీసుకోకుండా రోజు విడిచి రోజు వచ్చి కారును కొత్తకోట దాకా తిప్పి తెచ్చాడు. ఎవరూ ఎక్కని కారు ఊరంతా తిరుగుతుంటే చూసినవాళ్లు చాచా కారు కొన్నాడనుకున్నారు.

నాకు ఇప్పటికీ బాగా గుర్తుండేది గద్వాల రైల్వే గేటు. మంగళవారాల్లో పొద్దున మేం చేరే వేళకు గేటు పడి ఉండేది. జీపు రోజుల్లో అది నరకం. ఇంజను బందు చేస్తే మళ్లీ స్టార్టు అవుతుందో లేదోనని చాచా ఆపేవాడు కాదు. పొగ, దడదడ, వేడి. ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కొత్త కారు వచ్చాక గేటు దగ్గర నిశ్శబ్దంగా ఉండేది. పక్కన ఆగిన బండ్లు కూడా ఒక్కొక్కటే ఇంజన్లు ఆపేవి, మా కారును చూసి కాదు, పెట్రోలు దండగని. అప్పుడు దూరంగా పట్టాల మీద రైలు రొద మొదలవటం, జామపండ్లు అమ్మే ఆమె గాజుల చప్పుడు, ఎడ్ల మెడ గంటలు, అన్నీ కిటికీలోంచి లోపలికి వచ్చేవి. ఏసీ కాసేపటికి చల్లదనం తగ్గేది కాబట్టి అద్దాలు దించుకునేవాళ్లం.

ఆ పది నిమిషాల్లోనే మేం ముగ్గురం మనుషుల్లా మాట్లాడుకున్నాం. అంతకు ముందు నాలుగేళ్లు కలిసి తిరిగినా డాక్టరమ్మ నాకు పనే చెప్పేది, నేను చేసేదాన్ని. ఆ గేటు దగ్గరే ఆమె తన చదువు రోజుల గురించి చెప్పింది. చాచా సంక్రాంతి, రంజాన్ తేడా లేకుండా లారీలో గడిపిన ఏళ్ల గురించి, ఆయన బీబీ చేసే జొన్నరొట్టె, గోంగూర గోష్త్ కూర గురించి చెప్పేవాడు. మా నాన్న గుంట మగ్గంలో కూర్చుని ఎలా నేస్తాడో నేను చెప్పాను. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు వేరువేరుగా పెట్టి, పోగు పోగునూ ఎలా జత చేస్తారో అని డాక్టరమ్మ విసుగు లేకుండా అడిగేది.

ఆ మాటల వల్లే నేను ఒక తప్పు చేశాను.

ఎండాకాలం మొదలైంది. వెనక అద్దంలోంచి ఎండ నేరుగా వెనక సీటుకూ ఆ అద్దానికీ మధ్య ఉన్న అర మీద పడేది. ఆ అర రంగు వెలిసిపోతుందని నాకు అనిపించింది. ఒక మంగళవారం గద్వాలలో పని అయ్యాక ఇంటికెళ్లి అమ్మనడిగి మగ్గం మీద మిగిలిన గుడ్డ తెచ్చాను. మామిడిపండు రంగు నూలు, ఒకవైపు ఎర్రటి సన్నని అంచు. కొలిచినట్టు సరిపోయింది. అర మీద పరిచి నాలుగు మూలలా సూదిపిన్నులు పెట్టాను. డాక్టరమ్మ చూసి చాలా బాగుందంది. చాచా చేత్తో తడిమి చూసి, మీ నాయిన చెయ్యి మంచిది బేటీ అన్నాడు. ఆ రోజంతా నాకు లోపల ఎంతో గొప్పగా అనిపించింది.

నాలుగైదు వారాల తర్వాత కారు తీరు మారింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈసురోమనేది. గేటు దగ్గర ఇంజను ఆగటం మానేసింది, పాత జీపులా నడుస్తూనే ఉండేది. పెట్రోలు ఎక్కువ తాగుతోందని చాచా గమనించాడు. మే నెలలో ఒక మధ్యాహ్నం పెబ్బేరు దాటాక డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. అది ఆరలేదు. ఆ రాత్రి చాచా అన్నం తినలేదని మరునాడు కాంపౌండరు చెప్పాడు. ఈ ఎండలకు బ్యాటరీ పోయి ఉంటుందని, అది మార్చాలంటే చిన్న ఖర్చు కాదని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. ఇలాంటి బండి మన పాలమూరు ఎండకు కొనకూడదని ముందే అన్నామని అనని వాళ్లు లేరు.

హైదరాబాద్ పోయాం. డాక్టరమ్మకు నగరంలో వేరే పని కూడా ఉండటంతో నన్నూ రమ్మంది. షెడ్డులో ఒక కుదురైన మెకానిక్, కళ్లద్దాలు పెట్టుకున్నవాడు, కారు చుట్టూ తిరిగి, వెనక తలుపు తెరిచి, నా గుడ్డ మీద చెయ్యి పెట్టి ఆగాడు. ఒక పిన్ను తీసి గుడ్డ ఎత్తాడు. కింద అరకు ఒక పక్కన చిన్న జాలీ ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించాడు. బ్యాటరీ ఊపిరి పీల్చుకునేది ఆ జాలీలోంచేనట. కారు లోపలి చల్లగాలిని అక్కడి నుంచే లాక్కుని ఒళ్లు చల్లబరుచుకుంటుందట. దాన్ని మూసేస్తే వేడెక్కి, తనను తాను కాపాడుకోవటానికి పని తగ్గించుకుంటుందట. ఇంకో నెల ఇలాగే ఉంటే నిజంగానే పోయేదన్నాడు.

"ఇది ఎవరు పరిచిన్రు?" అని అడిగాడు.

డాక్టరమ్మ నావైపు తిరగకముందే చాచా ముందుకొచ్చాడు.

"నేనే సార్. ఎండకు కరాబయితదని ఏసిన. గీ జాలీ సంగతి నాకు తెల్వదు."

డాక్టరమ్మకు గుడ్డ ఎవరిదో తెలుసు. కానీ జాలీ మీద పరిచింది చాచా అనుకుందో, మరేమనుకుందో, "బండి పుస్తకంల రాసి ఉంటది కద చాచా, ఒకసారి నాతోని చదివించుకోవాల్సింది" అని మాత్రం అంది. గొంతులో కోపం లేదు గానీ, అంతకు ముందు ఆయనతో ఆమె అలా మాట్లాడటం నేను వినలేదు. చాచా తల వంచుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు.

పని అయ్యేదాకా గదిలో కూర్చున్నప్పుడు డాక్టరమ్మ నాతో ఒక సంగతి చెప్పింది. జీపు నడపలేక, పని మానుకుంటానని చాచా కిందటేడు వానాకాలంలోనే వచ్చి అడిగాడట. ఆయన మానేస్తే ఇంట్లో కూర్చుని ఏమైపోతాడో ఆమెకు తెలుసు. అందుకే క్లచ్చి లేని బండి కోసం వెతికింది. ఆ వెతుకులాటలో ఈ హైబ్రిడ్ కనిపించింది, పెట్రోలు కూడా కలిసివస్తుందని కొనేసింది. "క్లచ్చి సంగతి ఆయనకు చెప్పకు. బాధపడతడు" అంది. ఊరంతా డాక్టరమ్మ గొప్పకు కొన్నదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట విన్నాక నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. అయినా అప్పుడూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో జడ్చర్ల దగ్గర టీకి ఆగాం. ఇంజను ఆగింది, పసుపు దీపం లేదు. చాచా సంతోషపడాల్సింది. ఆయన మాత్రం అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో ఆఖరి రోగి వెళ్లిపోయాక తలుపు దగ్గరగా వేసి డాక్టరమ్మకు చెప్పేశాను. గుడ్డ పరిచింది, పిన్నులు పెట్టింది నేనే. చాచా నాకోసం అబద్ధం చెప్పాడు. అడిగినప్పుడు నేను మూగదానిలా నిలబడ్డాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె చేతులు కడుక్కుంటూ అంతా విని, తుడుచుకుని, "నాకు చెప్పినవు, సరే. చెప్పాల్సింది నాకు ఒక్కదానికేనా?" అంది.

బయటికెళ్లాను. చాచా కారు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎందుకు అలా చెప్పారని అడిగాను.

"నువ్వు నౌకరీ చేసే పిల్లవు. నీ మీద మాట వస్తె ఉంటది. నా మీద వస్తె పోతది" అన్నాడు. మళ్లీ తనే, "అయినా అబద్ధం ఏముంది? గుడ్డ నీదే గని బండి నాది. బండిల ఏ వస్తువు ఏడున్నదో చూడాల్సింది నేనే. చూడలే" అన్నాడు.

నేను క్షమించమన్నాను. ఆయన నవ్వి కుర్చీ మడిచాడు.

తిరిగి వస్తుంటే దారిలో డాక్టరమ్మ చాచాతో మామూలుగా, ఇంకొంచెం ఎక్కువ మర్యాదగా మాట్లాడింది. ఆయన దగ్గర తాను తొందరపడ్డానని కూడా చెప్పింది. ఆ రాత్రి ఇంటికెళ్లేముందు కారులోని పుస్తకం తీసి నాకిచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. చదివి చాచాకు తెలుగులో చెప్పమంది. వారం పది రోజులు డ్యూటీ అయ్యాక వరండాలో కూర్చుని నేను చదవటం, చాచా వినటం. నేనూ అప్పుడే నేర్చుకున్నాను, దీపాలన్నీ వెలగటానికి ఒక చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుందని, అది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదని, నీళ్లు నిలిచిన రోడ్డులో ఎంత లోతు దాకా పోవచ్చో, నారింజ వైర్ల దగ్గర ఏం చేయకూడదో. చాచా అడిగే ప్రశ్నలకు పుస్తకంలో జవాబులు దొరక్కపోతే కాగితం మీద రాసి హైదరాబాద్ మెకానిక్‌కు ఫోను చేసి కనుక్కునేవాళ్లం.

ఒక సాయంత్రం అలా చదువుతుండగా చాచా పుస్తకం మూయమని, తాళంచెవి నా ముందు పెట్టాడు. "చదివింది చాలు. ఇగ నడుపు."

నాకు సైకిలు తప్ప ఏదీ రాదని చెప్పాను. ఈ బండికి అంతకన్నా ఎక్కువ రానక్కర్లేదన్నాడు. వనపర్తి బయట ఒక ఖాళీ మైదానంలో నన్ను కూర్చోబెట్టాడు. ఎడమకాలిని సీటు కిందికి మడిచి మరిచిపొమ్మన్నాడు. మొదట బ్రేకు ఎంత గట్టిగా తొక్కానంటే ఇద్దరం ముందుకు తూలాం. ఆయన తిట్టలేదు. డైనమో ఆనించినట్టు ఆనించు, తొక్కకు అన్నాడు. రెండు నెలల్లో రోడ్డెక్కాను, వానాకాలం పోయేలోపు లైసెన్సు చేతికొచ్చింది. డాక్టరమ్మ ఏమీ అనలేదు గానీ ఒక మంగళవారం పెబ్బేరు దాటాక, హైవే మీద, నన్ను స్టీరింగు ముందు, చాచాను నా పక్కన కూర్చోబెట్టి తాను వెనక డబ్బాల పక్కన కూర్చుంది.

ఆ తర్వాతి చలికాలానికి చాచా మోకాలు కారు ఎక్కటానికీ దిగటానికీ కూడా ఒప్పుకోలేదు. ఈసారి ఆయన అడిగితే డాక్టరమ్మ కాదనలేదు. దవాఖాన గేటు దగ్గర రోగులకు చీటీలిచ్చే పని ఇచ్చింది. ఆయనకు మనుషులతో మాట్లాడటం ఇష్టం కనుక అది బాగానే కుదిరింది. మంగళవారాలు నేనే నడిపేదాన్ని. మొదటిసారి ఒంటరిగా స్టీరింగు పట్టి గద్వాల వీధిలోకి వెళ్లినప్పుడు మా అమ్మ గుమ్మంలో నూలు ఆరబెడుతోంది. డ్రైవరు సీట్లోంచి నేను దిగటం చూసి నూలు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికెళ్లి నాన్నను పిలిచింది. ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, చప్పుడు లేదేమిటని అడిగాడు. ఆపి ఉంది నాన్నా అంటే, ఉంటే మాత్రం అన్నాడు. అదే ఆయన మెచ్చుకోలు.

ఆ కారు మా దగ్గర ఇంకో నాలుగేళ్లుంది. పెద్ద బ్యాటరీకి మెల్లగా బలం తగ్గింది. పాలమూరు ఎండలు దానికి అలవాటు కాలేదు. గేటు దగ్గర ఇంజను ఒకరోజు ఆగితే ఒకరోజు ఆగేది కాదు. కొత్త బ్యాటరీ వేయిద్దామా, బండినే మారుద్దామా అని డాక్టరమ్మ చాలా రోజులు తర్జనభర్జన పడింది. ఆఖరికి హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఇలాంటి బండ్ల మీద మోజున్న మనిషి, బ్యాటరీ తానే బాగుచేయించుకుంటానన్నాడు. ఇస్తున్నప్పుడు చాచా కుర్చీలోంచి లేచి వచ్చి, జాలీ ఎక్కడుందో, దాని మీద ఏదైనా ఎందుకు పెట్టకూడదో, బండిని వారాల తరబడి ఎందుకు నిలబెట్టకూడదో, స్పీడ్‌బ్రేకర్లు ఎట్లా ఎక్కించాలో ఆయనకు అన్నీ వివరంగా చెప్పాడు. ఆ ఇంజనీరు అన్నీ తెలిసినవాడైనా ఓపికగా విన్నాడు.

కారు వెళ్లిపోయింది. రోడ్డు మలుపు దాకా దాని చప్పుడు వినపడలేదు కాబట్టి ఎప్పుడు కనుమరుగైందో మాకు సరిగ్గా తెలియలేదు. డాక్టరమ్మ చాచా చెయ్యి పట్టుకుని రెండు మెట్లు ఎక్కించింది. లోపల పెబ్బేరు నుంచి వచ్చిన ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని ఆయా పిలిచింది. డాక్టరమ్మా నేనూ లోపలికి వెళ్లాం. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. చాచా చీటీల పుస్తకం పక్కన పెట్టి, ఆ పిల్ల తండ్రికి శుభవార్త చెప్పటానికి తానే లేచి వెళ్లాడు.